తేలే రాయి, తేలే నీరు

యాత్రా మార్గదర్శిని కూడా ఒక రచనే. కథలకు, కవితలకు సమీక్షలు వస్తాయి. నవలల మీద వాదోపవాదాలు జరుగుతాయి. ఎందరి చేతుల్లోనో నలిగే ఈ చిన్న పుస్తకాన్ని మాత్రం ఎవరూ విమర్శకు పెట్టరు. రైల్వే స్టేషన్లో కొంటాం, యాత్ర అయ్యాక అటక మీద పడేస్తాం. జన్మలో ఒక కథల పుస్తకం కొనని వాళ్లు కూడా దీన్ని కొంటారు, నమ్ముతారు. అది చూడమన్నది చూస్తారు. అది చెప్పనిది చూడకుండానే తిరిగి వస్తారు. మన మీద ఇంత అధికారం ఉన్న రచన మీద ఆ మాత్రం విచారణ జరగడం సబబేనని నా మనవి.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. ముప్పై ఏళ్లుగా నా పని ఇతరులు రాసి ఇచ్చిన కాగితాలు చదవడం. అప్పు కోసం వచ్చిన మనిషి ఆస్తి అప్పుల పట్టీ ఇస్తే అందులో మేం రెండు సంగతులు చూస్తాం. ఉన్న ఆస్తికి లేని విలువ కట్టాడా? ఉన్న బాకీని చూపకుండా వదిలేశాడా? మొదటిది పట్టుకోవడం సులువు. రెండోది కష్టం, రాయని పద్దు కంటికి కనబడదు కనుక. మార్గదర్శినిని కూడా ఈ రెండు ప్రశ్నలతోనే చదవవచ్చని నాకు తోచింది.

ఇందుకు రామేశ్వరం తీసుకున్నాను. మేం ఉండేది మదురైలో. అక్కణ్ణుంచి రామేశ్వరం సుమారు 170 కిలోమీటర్లు. తెలుగు రాష్ట్రాల నుంచి బంధువులెవరు వచ్చినా మీనాక్షమ్మ దర్శనమైన మర్నాడు సేతువు ప్రయాణం తప్పదు. వాళ్లకు తమిళం రాదు కనుక వెంట నేనూ తప్పను. వచ్చిన ప్రతివాళ్ల సంచీలోనూ ఒక పుస్తకం ఉంటుంది. అలా మా ఇంట్లో మిగిలిపోయినవి మూడు. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి, నున్నటి కాగితం మీద రంగుల ఫోటోలతో ఇంగ్లీషులో ఒకటి. పేర్లు చెప్పడం అనవసరం. ఇలాంటి పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టే ఉంటాయి.

ముందుగా, పుస్తకం చెప్పినంతా నిలిచే పద్దులు చెప్పాలి. అది న్యాయం.

గుడి ప్రాకార మండపం గురించి ఎంత చెప్పినా అతిశయోక్తి కాదు. బయటి మండపంలో 1212 స్తంభాలని లెక్క. నాలుగు వైపులా కలిపి దాదాపు 3,850 అడుగుల పొడవు. ఒక చివర నిలబడి చూస్తే రెండు వరసల స్తంభాలు దూరాన ఒకే బిందువులో కలిసిపోతాయి. ఫోటోలో ఇది కనబడుతుంది కానీ ఆ చల్లదనం రాదు. ఎండలో కాళ్లు కాలుతూ వచ్చిన మనిషికి అక్కడి రాతి నేల ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం మూడు పుస్తకాలూ మరిచాయి. ఈ దీవి ఇసుక, పగడపు రాయి. అంత గట్టి రాయి ఇక్కడ పుట్టదు. కనుక ఆ స్తంభాల రాయంతా సముద్రం దాటి వచ్చిందన్నమాట. 18వ శతాబ్దంలో సేతుపతులు ఆ మండపం పూర్తి చేసేనాటికి ఇక్కడ వంతెన లేదు. పడవల మీదే తెచ్చి ఉండాలి. 1212 అన్న అంకె కంటే ఈ ఒక్క వాక్యం రాస్తే చూసేవాడికి ఆ మండపం రెట్టింపు పెద్దదవుతుంది.

పాంబన్ వంతెన సంగతీ అంతే. 1914లో తెరిచిన పాత రైలు వంతెన, ఓడలు వస్తే మధ్యలో రెండుగా లేచే దాని ఇనుప రెక్కలు, 1988లో వచ్చిన రోడ్డు వంతెన, ఇవన్నీ చూడదగినవే. పాత వంతెన మీద రైళ్లు 2022 డిసెంబరులో ఆగిపోయాయి. మధ్య భాగం నిలువుగా పైకి లేచే కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. మా తెలుగు పుస్తకం ఇంకా పాత వంతెన మీదే రైలు నడుపుతోంది. అచ్చయిన నాటికి అది నిజమే కనుక దాన్ని తప్పు పట్టను.

ఇక విలువ పెంచి చూపిన పద్దులు.

మొదటిది తేలే రాయి. రామేశ్వరంలో పలుచోట్ల నీళ్ల తొట్టిలో రాయి వేసి చూపిస్తారు. వానరులు సేతువు కట్టిన రాయి ఇదేనంటారు. మూడు పుస్తకాలూ దీన్ని తప్పక చూడవలసిన వాటిలో చేర్చాయి. భక్తితో చూసేవారి భక్తికి నేను అడ్డం రాను. అయితే అది పగడపు జీవులు కట్టుకున్న సున్నపు గూడు. లోపల సన్నని రంధ్రాలుంటాయి. గాలి చిక్కుకున్న ముక్క తేలుతుంది, నీరు నిండిన ముక్క మునుగుతుంది. ఆ మాట చెప్పినందువల్ల రామాయణానికి వచ్చే లోటు ఏమీ లేదు. పైగా వేల ఏళ్లుగా కంటికి కనబడనంత చిన్న ప్రాణులు సముద్రంలో గోడలు కట్టాయన్నది ఉడుత కథ విన్న మనకు రుచించని సంగతి కాదు.

రెండోది రెండు సముద్రాలు. అరిచల్‌మునై దగ్గర బంగాళాఖాతం, హిందూ మహాసముద్రం కలుస్తాయని, గీత గీసినట్టు రెండు రంగులు కనబడతాయని రాశారు. ఉత్తరాన ఉన్నది పాక్ అఖాతం, దక్షిణాన ఉన్నది మన్నారు సింధుశాఖ. గీత ఏ రోజూ ఒకలా ఉండదు. కొన్ని రోజులు ఉండనే ఉండదు. ఇక్కడి జాలరులు ఉత్తరపు నీటిని ఆడ సముద్రమని, దక్షిణపు నీటిని మగ సముద్రమని అంటారు. ఒకటి నెమ్మది, ఒకటి దుడుకు. ఈశాన్య రుతుపవనాలు వచ్చాయంటే నెమ్మదిగా ఉన్నదే లేచి కూర్చుంటుంది. పుస్తకం చెప్పే రంగుల గీత కంటే ఈ మాటలో సముద్రం ఎక్కువ ఉంది.

మూడోది లంక కనబడుతుందన్న మాట. తలైమన్నారు అక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. ఇసుక మీద నిలబడ్డ మనిషికి అంత దూరాన ఉన్న పల్లపు తీరం కనబడదు. భూమి గుండ్రంగా ఉంది మరి. కనబడకపోతే వచ్చినవాళ్లు తమ అద్దాలను తప్పు పట్టుకుంటున్నారు. పాపం, అద్దాల తప్పేమీ లేదు.

నాలుగోది, నాకు ముఖ్యమైనది, ఇరవై రెండు తీర్థాలు. ముందు అగ్నితీర్థమనే సముద్రంలో మునిగి, తడిబట్టలతో గుడిలోకి వెళ్లి, ఒక్కో తీర్థం దగ్గరా చేదతో తోడి పోసిన నీళ్లలో తడిసి, చివర కోటితీర్థంతో ముగించి, పొడిబట్టలు కట్టుకుని దర్శనానికి వెళ్లడం ఆచారం. ఒక్కో బావి నీరు ఒక్కో రోగాన్ని పోగొడుతుందని పుస్తకాలు పట్టిక ఇచ్చాయి. నెల్లూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆమె ఆ పట్టిక ఒక్కసారి కూడా చూడలేదు. ప్రతి బావి దగ్గరా "ఎన్నయ్యాయి నాయనా?" అని అడుగుతూ వేళ్లు మడిచింది. పదహారో బావి దగ్గర ఆగి, "చుట్టూ ఉప్పు సముద్రం పెట్టుకుని ఈ నీళ్లు తియ్యగా ఎట్లా ఉన్నాయిరా?" అని అడిగింది.

మూడు పుస్తకాల్లో ఒక్కటీ వెయ్యని ప్రశ్న అది. జవాబు నాకు ధనుష్కోటి దారిలో దొరికింది. రోడ్డు పక్క ఇసుకలో ఒక జాలరి ఇంటి ఆడమనిషి, నడుం లోతు కూడా లేని గుంటలో నుంచి చిప్పతో నీళ్లు తీసి బిందె నింపుతోంది. రెండు వైపులా సముద్రం కనబడుతూనే ఉంది. అడిగి తాగితే తియ్యటి నీళ్లు. ఇంకొంచెం లోతు తవ్వితే ఎక్కువ నీళ్లొస్తాయి కదా అన్నాను తమిళంలో. "లోతు తవ్వకూడదు సార్, లోతుకు పోతే ఉప్పొస్తుంది" అంది ఆవిడ, నాకు ఇంత చిన్న సంగతి తెలియనందుకు కొంచెం ఆశ్చర్యపడుతూ.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇసుక దీవి మీద పడ్డ వాననీరు లోపలికి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. మంచినీరు సముద్రపు నీటికంటే సుమారు నలభయ్యో వంతు తేలిక. అందుకే కలిసిపోకుండా పైన తేలుతుంది. పైపైన తోడుకుంటే ఏళ్ల తరబడి ఇస్తుంది. ఆశపడి లోతుగా లాగితే ఉప్పు పైకొచ్చి ఆ చోటు పాడవుతుంది. ఆ ఒడ్డున మనుషులు బతకగలగడానికి ఈ పొరే ఆధారం. తేలే రాయిని తొట్టిలో పెట్టి చూపే పుస్తకం, దీవి అడుగున తేలే నీటిని ఒక్క మాటలోనూ చెప్పలేదు. మొదటిది తమాషా, రెండోది ప్రాణాధారం. పుస్తకం దేనికి విలువ కట్టింది, దేన్ని వదిలింది అన్నదానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు చూపని బాకీల సంగతి. ఇది ధనుష్కోటి.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో ఆ ఊరు పోయింది. అంతకుముందు మద్రాసు నుంచి బోట్ మెయిల్ అక్కడిదాకా వచ్చేది. అక్కడ దిగి ఓడ ఎక్కితే తలైమన్నారు. స్టేషను, పోస్టాఫీసు, చర్చి, బడి ఉన్న ఊరు. ఆ రాత్రి పాంబన్ నుంచి వచ్చిన పాసింజరు రైలును, ఊరు అందబోతుండగా, అలలు తీసుకుపోయాయి. ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది. రైలు పట్టాలు మళ్లీ వెయ్యలేదు. 2017లో కొనదాకా రోడ్డు పడింది. దానితో జనం వందల కార్లలో రావడం మొదలైంది.

ఇంగ్లీషు పుస్తకం ఈ ఊరికి పెట్టిన పేరు దెయ్యాల పట్నం. తెలుగు పుస్తకం ఆ మాటనే అనువదించుకుంది. చీకటి పడ్డాక ఉండకూడదని, ఫోటోలకు సాయంత్రపు వెలుగు బాగుంటుందని సలహాలు కూడా ఇచ్చారు. కూలిన చర్చి గోడ దగ్గర పిల్లలు దెయ్యాల్లా అరుస్తూ ఫోటోలు దిగడం నేను చూశాను. ఆ గోడకు కాస్త దూరంలో తాటాకు పాకల్లో జాలరి కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు ఆ గోడ పక్కనే గవ్వల దండలు అమ్ముతున్నారు. బతికి ఉన్నవాళ్ల ఊరిని దెయ్యాల ఊరంటే, ఆ పిల్లలు ఎవరి కింద లెక్క?

మనలో యానాం వాళ్లు 1839 నవంబరు తుపానులో పక్కనున్న కోరంగి రేవు ఎలా పోయిందో పెద్దల నోట విని ఉంటారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు మన బంధువర్గాల్లో ఇంకా ఉన్నాయి. దివిసీమకు ఎవరైనా దెయ్యాల దీవి అని పేరు పెట్టి, సాయంత్రపు వెలుగులో ఫోటోలు దిగండి అని తెలుగులో రాస్తే మనం ఊరుకుంటామా? ఆ పుస్తకాన్ని అటక మీద కాదు, పొయ్యిలో పెడతాం. ధనుష్కోటి మన ఊరు కాదు కనుక అనువాదకుడికి చెయ్యి వణకలేదు. భాష తెలిస్తే చాలదు, ఆ మాట ఎవరి మీద పడుతుందో కూడా తెలియాలి.

ఆ రైలులో పోయినవారి సంఖ్య ఒక పుస్తకంలో 115, ఇంకో పుస్తకంలో రెండువందలకు పైగా. ఇందులో ఎవరో ఒకరు అబద్ధమాడారని నేననుకోను. టికెట్టు కొన్నవారి లెక్క రైల్వే పుస్తకంలో ఉంటుంది. టికెట్టు లేకుండా ఎక్కినవారి లెక్క వాళ్ల ఇంట్లో మాత్రమే ఉంటుంది. పుస్తకాల్లో ఎక్కని పేర్లతో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక ఈ తేడా నాకు అంకెలా కనబడదు. మార్గదర్శిని రాసినవారు ఆ రెండు అంకెల్లో ఒకటి ఎంచుకుని ముందుకు పోయారు. రెండూ ఇచ్చి, తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యం రాస్తే ఆ చనిపోయినవారికి అదే తర్పణం అయ్యేది.

దీవిలో ఇప్పుడు బతుకుతున్న మనుషులూ పుస్తకంలో లేరు. రేవులో వందల మరపడవలు కట్టి ఉంటే బొమ్మ బాగుందని ఫోటో వేశారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుందని, అప్పుడు ఆ పడవలన్నీ కట్టేసే ఉంటాయని, ఆ రెండు నెలలూ ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించాలని రాయలేదు. 1974, 1976 ఒప్పందాలతో సముద్రం మీద గీత పడిందని, ఆ గీత దాటారని లంక నౌకాదళం పట్టుకుపోయిన మనుషుల కోసం ఎదురుచూసే ఇళ్లు ఈ దీవిలో ఉన్నాయని రాయలేదు. 1983 తర్వాత అటునుంచి పడవల్లో వచ్చిన కాందిశీకులు ఈ ఒడ్డునే దిగారని, వారి శిబిరం వంతెన ఇవతల మండపంలోనే ఉందని రాయలేదు. అబ్దుల్ కలాం గారి ఇల్లు, సమాధి చూడమన్నారు, మంచిదే. వారి తండ్రి పడవ కట్టి యాత్రికులను ధనుష్కోటికి చేరవేసేవారని, తుపానులో ఆ పడవ పోయిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. రాముడి సేతువుకు పోయే యాత్రికులను ముసల్మాను పడవవాడు దాటించిన దీవి ఇది. ఇల్లు చూపి పడవను వదిలేస్తే ఆ ఇల్లు వట్టి మ్యూజియమే.

తెలుగు పుస్తకానికి ఇంకో బాకీ ఉంది. సేతు మార్గంలో యాత్రికులకు రక్షణ కోసం 17వ శతాబ్దం మొదట్లో సేతుపతులను మళ్లీ నిలబెట్టినవాడు మదురై పాలకుడు ముద్దుకృష్ణప్ప నాయకుడని చరిత్ర. ఆ నాయకరాజుల ఇంటి భాష తెలుగు. గుడిలో తరతరాలుగా అర్చన చేసేవారు మహారాష్ట్ర బ్రాహ్మణులు. సేతువు ఇసుక ప్రయాగకు, గంగనీరు ఇక్కడికి మోసుకొచ్చినవాళ్లు నానా భాషలవాళ్లు. పుస్తకం మాత్రం స్థానిక భాష తమిళం అని ఒక్క ముక్కలో తేల్చింది. అబద్ధం కాదు, కానీ పొదుపు మరీ ఎక్కువైంది.

ఇదంతా ఒక చిన్న పుస్తకం నుంచి ఆశించడం అన్యాయమని ఎవరైనా అనవచ్చు. మార్గదర్శిని పని దారి చూపడమే, చరిత్ర చెప్పడం కాదని వాదించవచ్చు. ఆ వాదన తీసిపారేసేది కాదు. బస్సు వేళలు, బస వివరాలు కావలసినవాడికి నేను చెప్పినవి అడ్డమే. అయితే మన భాషలో ఈ రెండు పనులూ ఒకే పుస్తకంలో చేసినవాడు ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేసి రోజువారీగా రాసుకున్నది, ఆయన పోయాక 1838లో అచ్చయింది. ఆయన ఆంధ్రదేశంలో ఉద్యోగి కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మనలాగే బయటి ఊళ్లో బతికిన తెలుగువాడు. ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలాంటిది అనేవన్నీ రాశాడు. అక్కడ మనుషులెవరు, ఎలా బతుకుతున్నారు అన్నదీ అదే పేజీలో రాశాడు. దారి చెప్పడానికి మనిషిని చెప్పడం ఆయనకు అడ్డం రాలేదు. రెండు శతాబ్దాల తర్వాత రంగుల ఫోటోలతో వచ్చిన పుస్తకం ఆయన కంటే తక్కువ చెబుతోందంటే, స్థలం చాలకపోవడం కారణం కాదు. ఫోటోలకు స్థలం చాలింది కదా.

కనుక రామేశ్వరం పుస్తకాలు పొగిడినంత ఉందా అంటే నా జవాబు ఇది. మండపం, వంతెన, సముద్రం పొగిడినంతా ఉన్నాయి. తేలే రాయి, రెండు రంగుల గీత, కనబడే లంక పొగిడినంత లేవు. మిగిలిన రామేశ్వరాన్ని, అంటే మనుషులున్న రామేశ్వరాన్ని, పుస్తకాలు పొగడనూ లేదు, తెగడనూ లేదు. అసలు చూడనే లేదు. నా పద్ధతిలో చెప్పాలంటే, దీవి పద్దులో లోటు లేదు, పట్టీ రాసినవాడి దగ్గర ఉంది.

ఈ పత్రిక చదివేవాళ్లం బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, హోసూరులో, యానాంలో ఉన్నాం. మన ఊళ్లను కూడా ఏదో ఒక పుస్తకం ఒక్క వాక్యంలో ముగించే ఉంటుంది. అందులో మనం ఉండం. వీలైతే మీ ఊరికి వచ్చేవాడి కోసం ఒక పేజీ రాయండి. మంచినీళ్లు ఎక్కడివో, ఏ నెలలో ఎవరికి పనుండదో, ఏ మాట అంటే ఎవరి మనసు నొచ్చుకుంటుందో అందులో ఉంటే చాలు.

రామేశ్వరం మాత్రం తప్పక వెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, మిగతా నెలలు మేలు. ఆడి, తై అమావాస్యలకు విపరీతమైన జనం, పెద్దవాళ్లను తీసుకెళ్తే ఆ రోజులు మానుకోండి. తీర్థాలకు రెండో జత బట్టలు మరిచిపోకండి. ధనుష్కోటిలో చర్చి గోడ దగ్గర కాస్త నెమ్మదిగా మాట్లాడండి. దాహమైతే సీసా కొనే ముందు అక్కడి వాళ్లను అడిగి ఇసుకగుంట నీళ్లు ఒక గుక్క తాగి చూడండి.